జంపర్ కేబుళ్లు: తొడుగు లావు చూసి మోసపోకండి

1985 జనవరి 20. చికాగోలో ఆ రోజు సున్నాకు దిగువన 27 డిగ్రీల ఫారన్‌హీట్. జ్వరంతో ఉన్న పసిదాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని బయలుదేరితే మా కారు కిర్రుమని ఊరుకుంది. పక్కింటాయన తన కారు తెచ్చి ఆనించాడు. "హెవీ డ్యూటీ" అని అట్టమీద రాసి ఉంటే నమ్మి కొన్న మా కేబుళ్లు తగిలించాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి ఆయన కారులోనే వెళ్లాం.

తర్వాత కోసి చూద్దుము గదా, బొటనవేలంత రబ్బరులో పుల్లంత తీగ! అందుకే కొనేటప్పుడు గేజి ఎంతో చూడండి. అంకె తగ్గేకొద్దీ తీగ లావు. 10 గేజి మన చలికి దండగ. మామూలు కార్లకు 4, పెద్ద వాన్లకు 2 ఉండాలి. అచ్చమైన రాగి అయితే మరీ మంచిది. రాగి పూసిన అల్యూమినియం అదే లావులో కరెంటు తక్కువ మోస్తుంది.

మంచి కేబుళ్లు పాడైతే పారేయకండి. జబ్బు చాలావరకు క్లాంపు దగ్గరే ఉంటుంది. అక్కడ చిలుము పట్టిన తీగను మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించి, కొత్త రాగి లగ్గు గట్టిగా నొక్కి, టంకం పెట్టి, బోల్టుతో బిగించాలి. మధ్యలో తొడుగు పగిలితే మాత్రం టేపు చుట్టి సరిపెట్టుకోవద్దు.

ఆఖరి నల్ల కొసను చచ్చిన బ్యాటరీకి కాక, దానికి దూరంగా ఇంజను ఇనుముకు తగిలించండి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ నిప్పురవ్వకు భగ్గుమంటుంది. గడ్డకట్టిన బ్యాటరీ జోలికి అసలు పోవద్దు.