పదవి పోయినా మచ్చ ఎందుకు?

సైన్యం నుంచి పంపేసేటప్పుడు చేతికిచ్చే కాగితం ఆ మనిషిని జీవితాంతం వెంటాడుతుంది. అమెరికాలో 1993 నాటి 'అడగొద్దు, చెప్పొద్దు' విధానం కింద స్వలింగ సంపర్కులన్న కారణంతో 13,000 మందికి పైగా ఉద్యోగాలు కోల్పోయారు. కొందరి కాగితాల్లో 'గౌరవప్రదం' అన్న మాట లేదు. ఆ మాట లేకపోతే మాజీ సైనికులకు దక్కే చదువు సాయం, వైద్యం వంటివి అందకుండా పోవచ్చు. ఆ విధానం 2011 సెప్టెంబర్ 20న రద్దయింది. కాగితం మాత్రం దానంతటదే మారలేదు. పంపేసి పదిహేనేళ్లలోపైతే డిశ్చార్జ్ సమీక్షా బోర్డుకు, దాటితే రికార్డుల సవరణ బోర్డుకు బాధితులే దరఖాస్తు పెట్టుకోవాలి. తప్పు చేసింది ప్రభుత్వమైతే, తిరగాల్సింది బాధితులా? 2024లో రక్షణ శాఖ తానుగా పాత ఫైళ్లు తీసి 800 మందికి పైగా కాగితాలు సరిచేసింది. తలచుకుంటే అయ్యే పనేనని దీంతో తేలిపోయింది.

మన విశాఖపట్నంలోనూ ఇలాంటి గాయమే ఉంది. 2010లో నౌకాదళంలో చేరిన సబి లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నాక, 2017 అక్టోబర్‌లో 'సేవలు ఇక అవసరం లేదు' అంటూ ఆమెను పంపేశారు. పురుషుడిగా చేరిన వ్యక్తి ఆ ఉద్యోగానికి అర్హత కోల్పోయారన్నది నౌకాదళం వాదన. క్రమశిక్షణ ముఖ్యమే, కాదనను. కానీ ఇంజిన్ పని నేర్చిన ఆమె చేతుల నుంచి ఆ నేర్పు శస్త్రచికిత్సతో పోదు. స్వలింగ సంపర్కుల విషయానికొస్తే, వారి సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ పరిధిని 2018లో సుప్రీంకోర్టు కుదించాక కూడా, స్వలింగ సంబంధాలను సైన్యంలో అనుమతించబోమని 2019 జనవరిలో అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్ అన్నారు. ఇలా పంపేసినవారి ఫైళ్లను మన రక్షణ శాఖ కూడా తానుగా తెరవాలి.