రంపపుపొట్టు ఇంటిని వెచ్చఁజేయు టెట్లు?

పెద్దముడియపు నల్లరేగడి చేలలో శనగ కాపుపట్టు వేళ, వేకువజామున చిన్న చలిమంట యున్న మనకు చాలును. కాని నెలల తరబడి మంచు కురియు స్వీడను, ఆస్ట్రియా దేశములలో ఇంటింటను ఎడతెగని వేడిమి కావలయును. అందులకై అచ్చట చెక్కగుళికలను విరివిగ వాడుదురు.

ఈ గుళికలు చేయుటకు, ఎండబెట్టిన రంపపుపొట్టును 6 లేక 8 మిల్లీమీటర్ల రంధ్రములు గల ఉక్కు అచ్చుగుండ మహాపీడనముతో నొక్కుదురు. జిగురు కలుపకయే అది గట్టిపడు టెట్లు? నాకు మిక్కిలి అద్భుతముగఁ దోఁచు విషయ మిదియే: కొయ్యలో సహజముగ నుండు లిగ్నిన్ అను పదార్థము, ఒరిపిడివలనఁ బుట్టిన వేడికి మెత్తబడి, రేణువులను పెనవైచి, చల్లారినపిమ్మట బిగిసికొనును.

పచ్చికట్టె పొగయు టేల? అందలి నీరు ఆవిరియగుటకే మంట వేడిమి చాలవఱకు వ్యయమగుటచే, కొయ్యనుండి వెలువడు వాయువులు పూర్తిగ దహింపబడక పొగయై పోవును. గుళికలో తేమ సాధారణముగ నూటికి 10 పాళ్లకు మించదు. పైగా గుళికల పొయ్యిలోని మర వానిని కొలదికొలదిగ జార్చుచుండ, ఫ్యాను తగినంత గాలి నందించును. కిలో గుళికలనుండి దాదాపు 4.8 యూనిట్ల విద్యుత్తునకు సమానమైన ఉష్ణము లభించును.

వేరుసెనగ పొట్టునుండియు, ప్రత్తికట్టెనుండియు ఇట్టి గుళికలు చేయవచ్చును. వానిలో బూడిద యధికమగుటచే, ఇంటి పొయ్యికన్న కర్మాగారముల బాయిలరులకే యవి తగియుండును.