పటాటోపం వెనక పాముంది!

పెళ్లిలో డ్రోన్లు, పొగ మెషీన్లు, హెలికాప్టర్ ఎంట్రీ చూసి పెద్దాళ్లు ‘ఎందుకింత పటాటోపం?’ అంటారు కదా. ఆ మాట పాము నుంచి వచ్చింది. సంస్కృతంలో ‘ఫట’ అంటే పడగ, ‘ఆటోపం’ అంటే ఉబ్బడం. ‘ఫటాటోపం’ మన నోట్లో పటాటోపం అయింది.

విషం లేకున్నా పడగ విప్పితే చాలు, జనం జడుసుకుంటారని పంచతంత్రం చెబుతుంది. గురజాడ 1909లో తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో గిరీశం చేసేదీ అదే. శిష్యుడి ఇంట్లో చిన్నపిల్లల ఇంగ్లిష్ రైమ్ చదివేసి, అదే పెద్ద చదువని నమ్మిస్తాడు.

నాగుపాము పడగ విప్పేది బెదిరినప్పుడు. అప్పుచేసి ఆర్భాటం చేసే ఇంట్లోనూ ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న బెదురే ఉంటుంది. పెళ్లయ్యాక పడగ దిగిపోతుంది, ఈఎంఐలు మిగులుతాయి.