పరగడుపున ఒక్క మాత్ర
థైరాయిడ్ లోపం గలవారు, వారి కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

ఇంటి కోడలు తెల్లవారినా మంచం దిగలేకపోతే దానికి బద్ధకమని పేరు పెట్టడం సులభం. వేసవిలోనూ చలిగా ఉందని దుప్పటి కప్పుకుంటే విడ్డూరమంటారు. జుట్టు ఊడితే నీళ్లు పడలేదంటారు. ముఖం ఉబ్బితే ఒళ్లు చేసిందంటారు. పెళ్లయి మూడేళ్లయినా సంతానం కలగకపోతే ఆ తప్పును ఏ పరీక్షా లేకుండానే ఆమె మీద మోపుతారు. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ వ్యాధిగా తోచదు. ఇవన్నీ ఒకే మనిషిలో నెలల తరబడి ఒకదాని వెంట ఒకటి కనిపిస్తున్నప్పుడు మాత్రం అనుమానించవలసింది ఆమె స్వభావాన్ని కాదు, మెడలోని ఒక చిన్న గ్రంథిని.

ఆ గ్రంథి పేరు థైరాయిడ్. గొంతు ముందు భాగంలో, శ్వాసనాళాన్ని ఆనుకొని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక వలె ఉంటుంది. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేసి రక్తంలోకి వదలడం దాని పని. గుండె ఎంత వేగంతో కొట్టుకోవాలి, పేగులు ఎంత చురుకుగా కదలాలి, ఒంట్లో ఎంత వేడి పుట్టాలి అన్నవి ఈ హార్మోనుపై ఆధారపడి ఉంటాయి. పొయ్యిలో కట్టెలు తగ్గితే మంట మందగించినట్లే, థైరాక్సిన్ తగ్గినప్పుడు శరీరంలోని పనులన్నీ నెమ్మదిస్తాయి. మలబద్ధకం, మతిమరుపు, పొడిబారిన చర్మం, బొంగురు గొంతు, కండరాల నొప్పులు, అధికంగా లేదా క్రమం తప్పి వచ్చే నెలసరి, కారణం తెలియని దిగులు ఆ మందగమనానికి గుర్తులు.

2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం హైదరాబాద్, ముంబయి సహా దేశంలోని ఎనిమిది నగరాలలో 5,376 మంది వయోజనులను పరీక్షించింది. వారిలో దాదాపు 11 శాతం మందికి ఈ లోపం ఉన్నట్లు తేలింది. స్త్రీలలోనే అధికం. అది నగరాల లెక్క. సిరొంచ, అంకీసా, అసరెల్లి, జింగానూర్ వైపు గ్రామాలకు యథాతథంగా వర్తింపజేయరాదు. అయితే ఇది పట్నం వారి జబ్బు అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నీరసమంతా థైరాయిడ్ కాదు. గడ్చిరోలి జిల్లాలో సికిల్‌సెల్ వ్యాధి ఉంది, రక్తహీనత ఉంది, మలేరియా ఉంది. మూడింటిలోనూ మనిషి నీరసిస్తాడు. అందువల్ల లక్షణాలను చూసి మందు మొదలుపెట్టడం తగదు, రక్తపరీక్షే నిర్ణయించాలి.

పరీక్ష ఏమి చెబుతుంది?

ముందుగా చేసే పరీక్ష టి.ఎస్.హెచ్. ఇది థైరాయిడ్ తయారుచేసే హార్మోను కాదు. థైరాయిడ్‌ను పని చేయమని మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే హెచ్చరిక. థైరాయిడ్ బలహీనపడినకొద్దీ ఈ హెచ్చరిక పెరుగుతుంది. కనుకనే ‘హార్మోను తక్కువైంది’ అని వైద్యుడు చెబుతుండగా కాగితం మీద టి.ఎస్.హెచ్. అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఎన్నో కుటుంబాలను తికమకపెట్టేది ఇదే. అంకె ఎక్కువైంది కాబట్టి మందు తగ్గించాలని తలచి, మోతాదు పెంచవలసిన సమయంలో మాత్రలు మానుకునేవారు ఉన్నారు.

పెద్దవారిలో ఈ అంకె సాధారణంగా 0.4 నుండి 4 వరకు ఉంటుంది. ప్రయోగశాలను బట్టి కొద్దిగా మారుతుంది. దీనితోపాటు ఫ్రీ టి4 అనే పరీక్షలో అసలు హార్మోను ఎంత ఉన్నదో తెలుస్తుంది. టి4 తగ్గి, టి.ఎస్.హెచ్. పెరిగితే చికిత్స తప్పనిసరి. టి4 సరిగానే ఉండి టి.ఎస్.హెచ్. కొద్దిగా, అంటే పది లోపు, పెరిగినట్లయితే పలువురికి వెంటనే మందు అక్కరలేదు; కొన్ని వారాల తరువాత మరల పరీక్షించి నిర్ణయిస్తారు. గర్భిణుల విషయం వేరు, దానిని కింద వివరించడమైనది.

అయోడిన్ తగినంత అందుతున్న పెద్దవారిలో ఈ లోపానికి ప్రధాన కారణం శరీర రక్షణ వ్యవస్థ పొరబడి తన గ్రంథిపైనే దాడి చేయడం. 1912లో దీనిని మొదటగా వర్ణించిన జపాన్ వైద్యుడు హకారు హషిమోటో పేరుతోనే ఆ వ్యాధిని పిలుస్తారు. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపఫలమూ కాదు.

జీవితాంతమా?

‘ఈ మాత్ర ఒకసారి మొదలుపెడితే ఇక మానలేం’ అన్న భయం చాలామందిని మొదటి సీసా వద్దనే ఆపివేస్తుంది. ఆ మాటలో సగం నిజముంది. దెబ్బతిన్న గ్రంథి చాలామందిలో తిరిగి కోలుకోదు కనుక మందు చాలా ఏళ్లు, తరచుగా జీవితాంతం, కావలసి వస్తుంది. అయితే అది అలవాటుపడే మత్తు పదార్థం కాదు. గ్రంథి తయారుచేయవలసిన థైరాక్సిన్‌నే లీవోథైరాక్సిన్ అనే పేరుతో మాత్రగా ఇస్తారు. బావిలో ఊట తగ్గితే బయటి నుండి నీరు తెచ్చి పోయడం వంటిదే ఈ చికిత్స.

ఈ వైద్యం కొత్తదీ కాదు. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే వైద్యుడు 46 ఏళ్ల రోగికి గొర్రె థైరాయిడ్ నుండి తీసిన రసాన్ని ఎక్కించాడు. ముఖమంతా ఉబ్బి, మాట మందగించి ఉన్న ఆమె కోలుకొని, చికిత్సను కొనసాగిస్తూ మరో 28 ఏళ్లు జీవించింది. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు. 1927లో దానిని ప్రయోగశాలలో తయారుచేయడం సాధ్యమైంది. నేడది మన దేశపు అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉన్న మందు. ధర తక్కువ. ఖర్చు కన్నా, క్రమం తప్పకుండా వేసుకోవడమే కష్టం.

మాత్ర వేసుకునే పద్ధతి

గడ్చిరోలి వైపు ఆసుపత్రులలో దీనిని ‘రికామ్యా పోటీ’ అని చెబుతారు. నది దాటి మంచిర్యాల, వరంగల్ వైపు వెళితే ‘పరగడుపున’ అంటారు. రెండింటి అర్థమూ ఒక్కటే: ఖాళీ కడుపుతో. ఉదయం లేవగానే మంచినీళ్లతో మాత్ర వేసుకొని, కనీసం అరగంట, వీలైతే గంట వరకు ఏమీ తినకూడదు, తాగకూడదు. ముఖ్యంగా చాయ్. పొద్దున్నే పాలు పోసిన చాయ్ తాగందే పనిలోకి దిగని ఇళ్లలో ఈ అరగంట పెద్ద అడ్డంకి. పాలు, చాయ్, కాఫీ మందును పేగులు సరిగా గ్రహించకుండా చేస్తాయి. పొలానికి తెల్లవారుజామునే వెళ్లవలసినవారికి ఉదయం కుదరకపోతే, రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత పడుకోబోయే ముందు వేసుకునే వీలుంది. వైద్యునితో చెప్పి ఆ వేళనే ప్రతిరోజూ పాటించాలి.

ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు, కడుపుమంటకు వేసుకునే జెలూసిల్ వంటి మందులు థైరాక్సిన్‌ను పట్టి ఉంచి రక్తంలోకి పోనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ ద్వారా అందే ఇనుము మాత్రలను థైరాయిడ్ మాత్రతో కలిపి ఒకేసారి మింగే గర్భిణులకు రెండవది వృథా అవుతుంది. ఇనుము మాత్రను మానవలసిన పని లేదు. మధ్యాహ్నమో, రాత్రో భోజనానంతరం వేసుకుంటే చాలు.

మోతాదు అందరికీ ఒకటి కాదు. లోపం పూర్తిగా ఉన్న ఆరోగ్యవంతులైన వయోజనులకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాముల చొప్పున లెక్కిస్తారు. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 100. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. చాలాకాలంగా మందగించి ఉన్న గుండెను ఒక్కసారిగా పరుగెత్తిస్తే ఛాతీనొప్పి, గుండెదడ రావచ్చు. పక్కింటి వారి సీసాలోని మాత్ర వేసుకోవడం ఇందుకే ప్రమాదం. బరువు తగ్గడానికి దీనిని వాడడం మరింత అవివేకం.

మందు మొదలైన మూడవ రోజునే తేడా కనబడాలని ఆశించరాదు. రక్తంలో చేరిన థైరాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. అందుచేత దాని నిలువ స్థిరపడడానికి ఐదారు వారాలు కావాలి. మోతాదు సరిపోయిందో లేదో తెలిపే పరీక్షను ఆరు నుండి ఎనిమిది వారాల తరువాత చేయించేది ఈ కారణంగానే. అంతకుముందే చేయిస్తే డబ్బు దండుగ. మలబద్ధకం, చలి కొన్ని వారాలలో తగ్గవచ్చు. జుట్టు, చర్మం బాగుపడడానికి నెలలు పట్టవచ్చు. మోతాదు కుదిరిన తరువాత ఏడాదికొకసారి పరీక్ష చాలు.

మందు ఎక్కువైనప్పుడు గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి, విరేచనాలు కనిపిస్తాయి. అప్పుడు తమంత తాము మానివేయక వైద్యుని చూడాలి.

గర్భిణులు, పసిపిల్లలు

తొలి మూడు నెలలలో గర్భంలోని శిశువు తల్లి హార్మోను మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. బిడ్డ మెదడు రూపుదిద్దుకునే కాలమది. చికిత్స లేని లోపం వల్ల గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ మానసిక ఎదుగుదలలో వెనుకబాటు సంభవించవచ్చు. ‘కడుపుతో ఉన్నప్పుడు మందులు వాడకూడదు’ అని ఇంట్లో పెద్దవారు చెప్పే మాట ఇతర మందుల విషయంలో మంచిదే కావచ్చు. ఈ మాత్ర విషయంలో మాత్రం హాని చేస్తుంది. పైగా గర్భం నిలిచిన వెంటనే మోతాదును సుమారు నాలుగవ వంతు పెంచవలసి ఉంటుంది. కాబట్టి నెల తప్పిందని తెలిసిన వారంలోనే పరీక్ష చేయించాలి. ఐదవ నెల వరకు సుమారు నాలుగు వారాలకొకసారి తిరిగి చూడాలి. కాన్పు తరువాత పాత మోతాదుకు తగ్గిస్తారు. పాలిచ్చే తల్లి ఈ మాత్రను నిరభ్యంతరంగా వాడవచ్చు.

భారతదేశంలో సుమారు వెయ్యి మంది శిశువులలో ఒకరు పుట్టుకతోనే ఈ లోపంతో పుడతారు. పుట్టినప్పుడు చూడడానికి బాగానే ఉంటారు. పచ్చకామెర్లు ఎంతకూ తగ్గకపోవడం, పాలు సరిగా తాగకపోవడం, అతిగా నిద్రపోవడం, ఉబ్బిన పొట్ట, బయటకు పొడుచుకొచ్చిన నాలుక ఉంటే ఆలస్యం చేయరాదు. రెండు వారాలలోపు మందు మొదలైతే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. ‘శాంతమైన బిడ్డ, ఏడవదు’ అని మురిసిపోతూ గడిపిన నెలలను తిరిగి తేలేము.

ఉప్పు సంగతి

మరాఠీలో గలగండ్ అని పిలిచే గొంతువాపు ఒకప్పుడు హిమాలయ ప్రాంతాలలో ఊళ్లకు ఊళ్లను పీడించింది. శ్రీకాకుళంలో జన్మించి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ ఉలిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో సుమారు లక్ష మంది మధ్య ఒక పరిశోధన ప్రారంభించారు. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పును, మరొక ప్రాంతానికి మామూలు ఉప్పును అందించి చూశారు. అయోడిన్ ఉప్పు వాడిన చోట వాపు గణనీయంగా తగ్గింది. 1962లో మొదలైన జాతీయ గొంతువాపు నివారణ కార్యక్రమం వెనుక ఈ కృషి ఉంది. ఒక తెలుగు వైద్యుని పని దేశంలోని ప్రతి వంటింటికీ చేరిన సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఇంకాస్త పెద్ద అక్షరాలలో ఉండవలసింది.

అంగడిలో విడిగా అమ్మే దొడ్డుప్పులో తగినంత అయోడిన్ ఉంటుందన్న భరోసా లేదు. వంటకు అయోడిన్ ఉప్పు వాడాలి, మూత పెట్టి ఉంచాలి. అయితే గ్రంథి ఇప్పటికే దెబ్బతిన్నవారికి ఉప్పు పెంచినంత మాత్రాన లోపం తీరదు. రక్తపోటు మాత్రం పెరుగుతుంది. క్యాబేజీ, గోబీ తినరాదన్న నిషేధాన్నీ పట్టించుకోనక్కరలేదు. ఉడికించి మామూలుగా తింటే ఇబ్బంది లేదు.

నదికి ఇవతల, అవతల

2016 డిసెంబరులో కాళేశ్వరం, సిరొంచ మధ్య గోదావరి వంతెన ప్రారంభమయ్యాక వైద్యం కోసం తెలంగాణ వైపు వెళ్లడం సులువైంది. అలా వెళ్లినవారికి ఒక చోట పరీక్ష, ఒక చోట చీటీ, మరో చోట మందు అవుతున్నాయి. పాత కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంచి వెంట తీసుకువెళ్లాలి. పరీక్షలు వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో చేయించడం మేలు. మందు తేవడానికి ఇంటి మనిషిని పంపేటప్పుడు నోటిమాటగా ‘థైరాయిడ్ గోలీ’ అని చెప్పక, ఖాళీ సీసాను చేతికివ్వాలి. 25కు బదులు 125 చేతికి వస్తే తేడా ఐదింతలు. కంపెనీ మారితే ఆ సంగతి వైద్యునికి చెప్పి, ఆరు వారాలకు పరీక్ష చేయించుకోవాలి.

సీసాను పొయ్యిగట్టు మీద, కిటికీ అంచున పెట్టకూడదు. వేడి, తేమ, వెలుతురు ఈ మందును బలహీనపరుస్తాయి. మాత్రలను పొట్లం కట్టక వచ్చిన సీసాలోనే ఉంచాలి.

2022 జూలైలో ప్రాణహిత, గోదావరి పొంగినప్పుడు సిరొంచ తాలూకా గ్రామాలు పలుచోట్ల బయటి నుండి తెగిపోయాయి. ఆలాపల్లి దారి వానలకు ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. అందువల్ల మృగశిర కార్తె ప్రవేశించేలోపే రెండు మూడు నెలల మాత్రలు, గడువు తేదీ చూసి, తెచ్చి ఉంచుకోవాలి. ఒక పూట మరచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. ఆ రోజంతా మరచిపోతే మరునాడు రెండూ వేసుకోవచ్చునని వైద్యులు చెబుతారు. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ముందుగా అడిగి తెలుసుకోవాలి. దారి మూసుకుపోయి నాలుగైదు రోజులు మందు లేకపోయినా, రక్తంలోని నిలువ నెమ్మదిగానే తరుగుతుంది కనుక కంగారుపడి వాగు దాటే సాహసం చేయవద్దు. గర్భిణులు, పసిపిల్లల విషయంలో మాత్రం ఆ నాలుగు రోజులు కూడా పోనివ్వకుండా, దగ్గరి ఆరోగ్య ఉపకేంద్రానికి లేదా ఆశా కార్యకర్తకు కబురు పంపాలి.