ఏసీ పెట్టుకొని బండిలో పండుకుంటున్నారా?

రెండేళ్ళకోసారి మేడారం జాతర వచ్చిందంటే మన పద్మనగర్ గల్లీలు సగం ఖాళీ అవుతాయి. నలుగురైదుగురు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక టెంపో మాట్లాడుకుంటారు. వెనక సీట్లు పీకించి పరుపులు పరుస్తారు. బియ్యం, స్టవ్, అమ్మవార్లకు బంగారం (అదే, బెల్లం), పిల్లల దుప్పట్లు అన్నీ అందులోనే. పుణె, సోలాపూర్, జహీరాబాద్ మీదుగా పోయి వచ్చేదాకా ఆ బండే మన ఇల్లు. డబ్బున్నోళ్ళు దీన్నే క్యారవాన్ అంటారు.

పోయినసారి జాతరలో మా బండి చెట్ల కింద నిలిపి పండుకున్నాం. లోపల పదకొండు మందిమి. బయట దుమ్ము, లోపల ఉక్క. "అన్నా, జర ఏసీ పెట్టు" అని నేనే డ్రైవర్‌ను అడిగిన. అద్దాలన్నీ మూసి, ఇంజన్ నడుస్తుండగానే నిద్రపోయినం. నడిరాత్రి మా చిన్నోడు వాంతి చేసుకున్నాడు. జాతర తిండి పడలేదనుకున్నాం. నాకూ తల పగిలిపోతుంది. చూస్తే అందరిదీ అదే వరస. వెనక పండుకున్న మా మేనత్త "నాకు ఊపిరాడతలేదు, తలుపు తియ్యిర్రి" అని అరిచింది. ఆ అరుపుకే తలుపు తీసి దిగినం. దిగుతుంటే కాళ్ళు తడబడ్డాయి. గంటసేపు బయట కూర్చున్నాక గానీ తల తేలిక పడలేదు. భివండీ వచ్చాక గ్యారేజీలో చూపిస్తే సైలెన్సర్ పైపు జాయింటు తుప్పుపట్టి విడిపోయి ఉంది. దాని మీదనే మా పరుపులు.

మేం బతికి వచ్చాం. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకర దగ్గర హైవే పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు మగవాళ్ళు చనిపోయి కనిపించారు. ఒకరు లోపల, ఒకరు తలుపు మెట్ల దగ్గర. ఒంటి మీద దెబ్బల్లేవు. ఏసీ కోసం జనరేటర్ నడిపి పండుకున్నారు. తర్వాత కాలికట్ ఎన్.ఐ.టి. నిపుణులు అదే బండిలో జనరేటర్ నడిపి చూస్తే, దాని పొగ బండి అడుగున ఉన్న రంధ్రం గుండా లోపలికి వస్తోందని తేలింది. రెండు గంటల్లో లోపలి గాలిలో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల పాళ్ళకు 900 పాళ్ళు దాటింది. అంత గాలిలో నిద్రపోయిన మనిషి లేవడం కష్టం.

ఈ కార్బన్ మోనాక్సైడ్‌తో వచ్చిన చిక్కేమంటే అది కంటికి కనబడదు, ముక్కుకు వాసన రాదు. పెట్రోలు, డీజిలు, సీఎన్‌జీ, బొగ్గు, కట్టె ఏది సగం సగం కాలినా పుడుతుంది. మన రక్తం ఆక్సిజన్‌ను పట్టుకున్న దానికంటే రెండు వందల రెట్లు గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది గానీ మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, కాళ్ళల్లో సత్తువ పోవడం. తాగిన మనిషి లెక్క మత్తు. నిద్రలో ఉన్నోళ్ళకు ఇవేవీ తెలియవు. పసిపిల్లలకు, ముసలోళ్ళకు, గుండె జబ్బున్నోళ్ళకు ముప్పు ఎక్కువ. గర్భిణి పీలిస్తే కడుపులో బిడ్డకు ఇంకా ఎక్కువ.

ఒక్కరికి తలనొప్పి వస్తే ప్రయాణం బడలిక అనుకోవచ్చు. ఒకే బండిలో, ఒకే గదిలో ఉన్న అందరికీ ఒకేసారి వస్తే అది గాలి దోషమే. ముందు అందరూ బయటికి రావాలె, ఇంజన్ బంద్ చేయాలె. ఎవరైనా స్పృహ తప్పినా, మత్తుగా ఉన్నా 108కి ఫోన్ కొట్టండి. ఇది ఇటు మహారాష్ట్రలోనూ అటు తెలంగాణలోనూ పనిచేస్తుంది. దవాఖానలో "బండి పొగ పీల్చినం" అని నోరు తెరిచి చెప్పాలె. ఎందుకంటే వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ ఈ విషాన్ని కనిపెట్టలేదు, 98 అని మంచిగానే చూపిస్తుంది. రక్తపరీక్షలోనే తేలుతుంది. మందు ఆక్సిజనే. మాస్కుతో పెడితే విషం త్వరగా దిగుతుంది, ఉత్త గాలిలో చాలా గంటలు పడుతుంది.

"అద్దం రెండు వేళ్ళు దించితే చాలు గదా" అంటారు కొందరు డ్రైవర్ అన్నలు. చాలదు. నిలిపిన బండి కింద పొగ కదలకుండా పేరుకుంటుంది, ఒక్కోసారి ఆ అద్దం సందులోంచే లోపలికి వస్తుంది. నడిచే బండిలో కూడా సామాను పట్టలేదని వెనక డోరు తెరిచి కట్టేస్తారు చూడండి, అదీ తప్పే. బండి పోతుంటే వెనక పొగ లోపలికి గుంజుకుంటుంది. పీయూసీ కాగితం ఉంది గదా అని ధీమా వద్దు. ఆ పరీక్ష పైపు చివర పెట్టి చేస్తారు, మధ్యలో జాయింటు ఎక్కడ విడిపోయిందో అది చెప్పదు. దూరం పోయే ముందు బండిని పైకెత్తించి సైలెన్సర్, అడుగు రేకు చూపించుకోవాలె.

డ్రైవర్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. రాత్రంతా నడిపిన మనిషికి నిద్ర కావాలె. గోదాముల దగ్గర లోడు కోసం క్యాబిన్‌లోనే రాత్రులు గడిపే మన పిల్లలు ఎంతమంది లేరు? సేట్లు వాళ్ళకు పండుకునే జాగా ఇవ్వరు, ఏసీ మాత్రం ఇస్తారు.

ఇదే మాట మన గాలాలకూ వర్తిస్తుంది. లైటు పోతే జనరేటర్‌ను సాంచాల పక్కనే, వానకు తడవకుండా షట్టర్ లోపల పెట్టి నడిపేవాళ్ళున్నారు. అక్కడే గుడ్డ తాన్ల మీద రాత్రి పాళీ వాళ్ళు నడుం వాలుస్తారు. జనరేటర్ బయట ఉండాలె, దాని పొగ ఖోలీ కిటికీ వైపు తిరగొద్దు. వానకు పైన రేకు వేస్తే సరిపోతుంది, నాలుగు గోడలు అక్కర్లేదు.

మా గల్లీ డ్రైవర్ ఇప్పుడు ఇంజన్ బంద్ చేసి, అద్దాలు దించే పండుకుంటున్నాడు. దోమలకు మా ఆమె కిటికీల కొలతకు జాలీ గుడ్డ కుట్టి ఇచ్చింది. నాలుగు కిటికీలకు నాలుగు మీటర్లు పట్టింది.