ఇంటిపేరు గడిలో ఏమి వ్రాయాలి?

పాస్‌పోర్టు చేతిలో ఉన్నది, వీసా వచ్చినది, అల్లుడు టిక్కెట్టు కొని పంపినాడు. ఇక అడ్డమేమున్నదని 2019 ఏప్రిల్‌లో ఒక రాత్రి మేమిద్దరమూ మల్లేశ్వరం నుండి దేవనహళ్ళి విమానాశ్రయానికి బయలుదేరినాము. అమెరికాలో మా అమ్మాయికి నెలలు నిండినవి. పెట్టె నిండా శొంఠిపొడి, బాలింత కాయం, పాత చీరలతో కుట్టిన బొంతలు.

కౌంటరులోని కుర్రవాడు మా పాస్‌పోర్టు చూచి తల ఊపినాడు. మా ఇంటావిడది చూచి ఊపలేదు. ముందుకు త్రిప్పి, వెనుకకు త్రిప్పి, ప్రక్క కౌంటరు ఆమెను పిలిచి చూపించి, “ఈ టిక్కెట్టు వీరిది కాదండీ” అన్నాడు.

సంగతి ఇది. ఆమె పాస్‌పోర్టులో పేరు ఒక్కటే మాట. ఇంటిపేరు గడి ఖాళీ. దరఖాస్తు నింపేనాడు “ఏమండీ, ఇంటిపేరు ఏది వ్రాయమంటారు, పుట్టింటిదా, మనదా?” అని ఆమె అడగనే అడిగినది. స్కూలు సర్టిఫికెట్టులో పుట్టింటివారి పొడి అక్షరం ఒకటి ఉన్నది. రేషను కార్డులో అదీ లేదు. “ఎందుకొచ్చిన గొడవ, వదిలేయి” అన్నాము. ఆ మాట అన్నది మేమే గనుక ఇందులో మరొకరిని నిందించడానికి లేదు.

అల్లుడు పాపం అత్తగారి పేరు ప్రక్కన మా ఇంటిపేరు గౌరవంగా చేర్చి టిక్కెట్టు కొన్నాడు. వీసా మీద మరొక విధంగా ఉన్నది. పాస్‌పోర్టులో ఒక్కటే పేరు ఉన్నవారికి అమెరికావారు ఆ పేరును తీసుకొనిపోయి ఇంటిపేరు స్థానంలో పెడతారు. అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరాలు అచ్చు వేస్తారు. ‘మొదటి పేరు తెలియదు’ అని వాటికి అర్థం. పాస్‌పోర్టులో ఒక మనిషి, వీసాలో మరొక మనిషి, టిక్కెట్టులో ఇంకొక మనిషి. వెరసి మా ఇంటావిడ.

రెండు గంటలు బ్రతిమాలినాము. ఆ వేళప్పుడు పేరు దిద్దే అధికారం అక్కడ ఎవరికీ లేదన్నారు. మేము మాత్రం వెళ్ళవచ్చునట! పురుడు పోయవలసినది ఆవిడ; మేము ఒక్కరమే వెళ్ళి చేసేదేమున్నది? పెట్టెలతో సహా ఇంటికి తిరిగి వచ్చినాము. మరునాడు అల్లుడు అక్కడినుండి ఫోనులు చేసి, డబ్బు కట్టి, పేరు దిద్దించి, ఆ రాత్రికి విమానం ఎక్కించినాడు. మేము ఆకాశంలో ఉండగా ప్రసవమైనది. మేము దిగేసరికి మనుమరాలికి పదకొండు గంటల వయస్సు. అమ్మాయి ఏమీ అనలేదు. ఇంటావిడ మాత్రం నేటికీ ఆ ఒక్కరోజు ప్రసక్తి వస్తే లేచి వంటింటిలోకి వెళ్ళిపోతుంది.

మన సంఘంలో పిల్లలు విదేశాలలో ఉన్న ఇండ్లు చాలా ఉన్నవి. వీసాకు ఎంత కట్టాలి, ఎన్నాళ్ళు పడుతుంది, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అని ఒకరినొకరు విచారించుకొంటూనే ఉంటారు. పేరు సంగతి మాత్రం కౌంటరు దగ్గర నిలబడేవరకు ఎవరికీ తోచదు.

పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పుట అడుగున అక్షరాలు, బాణపు ములుకులవంటి గుర్తులు కలిసిన రెండు వరుసలు ఉంటవి, చూడండి. అవి మన కోసం కాదు, యంత్రం చదువుకొనడానికి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించిన పద్ధతి ప్రకారం వరుసకు 44 స్థానాలు. పై వరుసలో మొదటి ఐదూ పత్రం రకానికి, దేశం పేరుకు పోగా, మనిషి పేరుకు మిగిలేవి 39. అందులోనే ముందు ఇంటిపేరు, తరువాత రెండు ములుకులు, ఆపైన సొంత పేరు. ఇంగ్లీషు అక్షరాలలో ‘వెంకట సత్య సూర్య లక్ష్మీ నరసింహమూర్తి’ అని వ్రాసి లెక్క పెట్టినాము. ఖాళీలతో కలిపి 43 వచ్చినవి, ఇంటిపేరు చేర్చకుండానే! తాతల పేర్లు, ఇలవేలుపుల పేర్లు అన్నీ కలిపి నామకరణం చేసినప్పుడు ఈ 39 స్థానాల సంగతి ఎవరికి తెలుసు?

బెంగుళూరు తెలుగువారికి ఇంకొక చిక్కు గలదు. మన ఇంటిపేరు ముందుంటుంది, పొడి అక్షరంగా. ఇక్కడి కన్నడిగుల పొడి అక్షరాలు చాలామందికి ఊరిపేరు, తండ్రిపేరు. ఏండ్ల తరబడి ఇక్కడి బడులలో చదివిన మన పిల్లలకు మేష్టర్లు ఈ ఊరి వాడుక ప్రకారమే తండ్రిపేరు పొడి అక్షరంగా వేసిన సందర్భాలు అనేకం. పాస్‌పోర్టు వేళ ఆ అక్షరాన్ని విప్పి వ్రాస్తే తండ్రి సొంత పేరు కొడుకుకు ఇంటిపేరై కూర్చుంటుంది. పై దేశంలో ఎవరైనా ఇంటిపేరుతో పిలిచినప్పుడల్లా కుర్రవాడికి నాన్నగారు వచ్చినారేమో అని ఉలికిపాటు. మా అల్లుడిది ఇదే వరస. దాని ఫలం చివర చెబుతాము.

ఒంటి పేరు పేచీ అమెరికాకే పరిమితం కాదు. 2022 నవంబరులో దుబాయి, అబూధాబీలు ఉన్న ఎమిరేట్సు ప్రభుత్వం పాస్‌పోర్టులో ఒక్క మాటే పేరుగా ఉన్నవారిని సందర్శకుల వీసాపై రానీయబోమని ప్రకటించినది. కొద్ది రోజులకు, పాస్‌పోర్టులో మరొక పుటలో తండ్రిపేరో కుటుంబం పేరో ఉంటే అంగీకరిస్తామని కొంత సడలించినది. బిడ్డల దగ్గరకు బయలుదేరిన ఎందరు తల్లులు ఆ నాలుగు రోజులూ అల్లాడి ఉంటారో!

పూర్వం ఇవేవీ లేవు. కాకినాడ, విశాఖపట్టణాలలో ఓడ ఎక్కి రంగూనుకు కూలికి వెళ్ళిన మనవారిని ఇంటిపేరు అడిగిన గడి లేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను వేరు చేసేదాకా అది మన దేశంలో భాగమే. అమెరికా మాట వేరు. 1917లో వారు చేసిన చట్టం ఆసియావారికి తలుపు మూసి, విద్యార్థుల వంటి కొందరికి మాత్రం సందు విడిచినది. యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను చేరినది చదువు పేరుతోనే. భారతీయులకు ఏడాదికి నూరుమంది చొప్పున స్థిరనివాసానికి అనుమతి దొరికినది 1946లో. అంటే నూటికి ఎన్నవవాడినని లెక్కించుకోవలసిన కాలం కూడా ఒకటి ఉండేదన్నమాట. దానితో పోలిస్తే మన బాధ చిన్నదే కాని, అర్ధరాత్రి కౌంటరు ముందు నిలబడ్డవాడికి ఈ పోలికలు ఊరట కావు.

ఏమి చేయవలెనంటే, బిడ్డకు నెల తప్పినదని ఫోను రాగానే ముందు పాస్‌పోర్టు తీసి ఇంటిపేరు గడి చూచుకోవలెను. ఖాళీగా ఉంటే వీసాకు పోకముందే దిద్దించుకోవలెను. కంప్యూటర్ల ద్వారా నడిచే ఇప్పటి పాస్‌పోర్టు సేవా కేంద్రాలను ప్రయోగంగా మొదలుపెట్టినది 2010లో మన రాష్ట్రంలోనే. లాల్‌బాగ్ రోడ్డు, మారతహళ్ళి కేంద్రాలు మనకు అలవాటైనవే. పెండ్లి అయినంత మాత్రాన స్త్రీ భర్త ఇంటిపేరు పెట్టుకొని తీరవలెనన్న నియమం లేదు. పుట్టింటిది కావచ్చు, మెట్టినింటిది కావచ్చు, ఏదో ఒకటి ఉండి, ఆధారు మొదలు టిక్కెట్టు వరకు అదే ఉంటే చాలును. మా అభిప్రాయమడిగితే పుట్టింటిదే మేలంటాము. బడి కాగితాలతో అదే కలుస్తుంది.

ఇక వీసా. బెంగుళూరువారు దీనికోసం ఎక్కువగా మద్రాసు రైలు ఎక్కినవారే. కొందరు హైదరాబాదు వెళ్ళేవారు. అక్కడ కాన్సులేటు 2008లో వచ్చినది. మన ఊరిలో అమెరికా కాన్సులేటును 2025 జనవరి 17న ప్రారంభించినారు గాని, వీసా పని మాత్రం ఆనాడే మొదలు కాలేదు. దరఖాస్తు రుసుము 2023 జూన్ నుండి 185 డాలర్లు. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. 2025 జూలైలో చేసిన చట్టంలో ఇంకొక 250 డాలర్ల రుసుము మాట కూడా ఉన్నది గనుక కట్టేనాడు విచారించుకోవలెను. 79 ఏండ్లు దాటినవారికి ఇంటర్వ్యూ అక్కరలేదని చాలామంది ఇంకా అనుకొంటున్నారు. ఆ మినహాయింపును 2025 సెప్టెంబరు 2 నుండి తీసివేసినారు.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల పని. కాని అక్కడి చట్టం వచ్చిన ప్రతివాడూ తిరిగి పోడనే అనుమానంతో మొదలుపెడుతుంది. కాదని నిరూపించుకొనే భారం మనది. దీనికి మనవారు నొచ్చుకొంటారు. మా వెనుక వరుసలోని ఒక పెద్దాయన “నా ఇల్లూ వాకిలీ విడిచి వీళ్ళ మంచులో ఉండిపోతానా!” అని రుసరుసలాడినాడు. నొచ్చుకొనవలసినది లేదు. అది 1952 నాటి చట్టంలోని సూత్రం, మనిషిని చూచి అన్నమాట కాదు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. మనకు ‘చూడటం’ వేరు, ‘చూసుకోవటం’ వేరు. “మనుమరాలిని చూసుకోవడానికి వెళ్తున్నాను” అని మనం ప్రేమతో అనేమాట ఇంగ్లీషులో పిల్లను కనిపెట్టుకొనే ఉద్యోగమై వినిపించవచ్చు. అబద్ధం ఆడమనడం లేదు. పురుటి సమయంలో బిడ్డ దగ్గర ఉండడానికి వెళ్తున్నామని, ఫలానా నెలలో తిరిగి వస్తామని ఉన్నదున్నట్లు చెబితే సరిపోతుంది. మా ఇంటావిడ అదే చెప్పినది.

వీసా పదేండ్లకు ఇస్తారు. పదేండ్లూ అక్కడ ఉండవచ్చునని కాదు. గుమ్మం దాకా రావచ్చునని. లోపలికి రానిచ్చేదీ, ఎన్నాళ్ళో చెప్పేదీ అక్కడి విమానాశ్రయంలోని అధికారి. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీని ఇంటికి వెళ్ళగానే కంప్యూటరులో చూచి వ్రాసిపెట్టుకోవలెను. గడువు దాటి ఉండిపోతే ఆ వీసా దానంతటదే చెల్లకుండా పోతుంది. ఆనాడు ఆ అధికారి మా ఇంటావిడను “ఫ్నూ” అని పిలిచినాడు. ఆవిడ పలకలేదు. రెండవసారి పిలిచినప్పుడు మేము మోచేతితో పొడిచినాము. ఆ తరువాత కస్టమ్సువారు పెట్టెలోని పచ్చి కరివేపాకు తీసి చెత్తబుట్టలో వేసినారు. నిమ్మ, నారింజ తోటలను ఎండగట్టే తెగులుకు కారణమైన పురుగు కరివేపాకు మీద బ్రతుకుతుందట. శొంఠినీ, కాయాన్నీ ముందుగానే కాగితంలో చూపినందువల్ల వాటి జోలికి పోలేదు.

2020 సంక్రాంతికి పిల్లను తీసుకొని అమ్మాయీ అల్లుడూ బెంగుళూరు వచ్చినారు. అక్కడ పుట్టినందున పిల్ల అమెరికా పౌరురాలు. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. కనుక తొమ్మిది నెలల పిల్ల మల్లేశ్వరంలోని తాతగారింటికి రావడానికి కూడా కాగితం కావలసి వచ్చినది. 2005 నుండి ఇస్తున్న ఓ.సి.ఐ. కార్డు తీసుకొన్నారు. ఆ దరఖాస్తులోనూ ఇంటిపేరు గడి ఉన్నది. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరుగా ఏమున్నదో అదే వేసినారు. అనగా మా వియ్యంకునిగారి సొంత పేరు.

పండుగనాడు వియ్యంకునివారు మా యింటికి భోజనానికి వచ్చినప్పుడు ఆ కార్డు వారి చేతిలో పెట్టినాము. కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదువుకొన్నారు. “నా పేరు పిల్లకు ఇంటిపేరైనదన్నమాట” అని నవ్వినారు. కాస్సేపటికి కార్డును వెనుకకు త్రిప్పి చూచి, “మరి మా ఇంటిపేరు ఎక్కడా లేదే?” అన్నారు.