చెరువు తెగుటకు కారణము వానయేనా?

చెరువుకట్ట తెగిన మరునాడు కారణమేమని యడిగినచో, రాత్రి కురిసిన వానయే యని ఊరివారందఱును చెప్పుదురు. అది అసత్యము కాదు; కాని సగము సత్యము మాత్రమే. వాన సమీపకారణము. దూరకారణము నీటి యడుగునను, కట్ట లోపలను కంటికి కానరాక యేండ్ల తరబడి పెరుగుచుండును. ఈ రెంటికి గల భేదమును రైతు సోదరులు గ్రహింతురని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఏటేట వఱదతో వచ్చు ఒండ్రు చెరువున పేరుకొనును. పూడిన చెరువు త్వరగా నిండును. అలుగు ముందట కంప పెరిగినను, చేపలకై అడ్డు కట్టినను మిగులునీటికి దారి చాలదు. కట్టమీది చెట్ల వేళ్లు కుళ్లిన చోటులనుండియు, ఎలుకల బొరియలనుండియు నీరు ఊరుచుండును. ఇట్టి కట్టను ఒక పెద్దవాన తెంచుట వింత కాదు.

తెగకున్నను నష్టము తప్పదు. 100 ఎకరముల చెరువున ఒక్క అడుగు మందమున ఒండ్రు చేరినచో 43,56,000 ఘనపుటడుగుల నీటికి చోటు పోవును. ఎకరము వరికి 4 అడుగుల నీరు వలయుననుకొన్నచో, అది 25 ఎకరముల పంటకు చాలిన నీరు. ఈ నష్టము మొదట ఆయకట్టు చివరి రైతునకు తగులును. తూము దగ్గఱి రైతు దానిని చాలకాలమునకుగాని యెఱుగడు.

మన పూర్వులు ఈ సంగతి యెఱుగనివారు కారు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించి 1369లో శాసనము వేయించెను. 2 సంవత్సరములు, దినమునకు 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేసినట్లు అందు కలదు. మంచి చెరువునకు వలయు 12 అంగములను, 6 దోషములను గూడ నది పేర్కొనును. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, నీరు కొంచెమై ఆయకట్టు హెచ్చగుట ఆ దోషములలోనివి.

చెరువును కట్టుట ఒకసారి పని. కాపాడుట ఏటేటి పని. ఇందులకై రాయలసీమలో దశబంధపు మాన్యము లుండెను. ఊరివారు తలకొక చేయి వేసి మరమ్మతు చేయు ఆచారమును చెన్నరాజధానిలో 1858 నాటి చట్టము గుర్తించెను. ఆంధ్రప్రదేశమున 1997 నాటి చట్టముచే నీటి వినియోగదారుల సంఘము లేర్పడెను. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీత ఆరంభమయ్యెను. ప్రభుత్వ మొకమారు పూడిక తీయించవచ్చును. కాని మరునాటినుండి అలుగును, తూమును చూచుకొనవలసినది ఆయకట్టుదారులే.

మరి యేల ఉపేక్షింతుము? ఒకనాటి పని మానినచో నేటి కూలి పోవును. చెరువు బాగుపడిన లాభము పిమ్మట వచ్చును, అదియు నలుగురికి పంచబడును. ఎండిన శిఖమున సేద్యము చేసినవానికి ఈ యేటి పంట చేతికి వచ్చును. దాని నష్టము ఊరందఱిదగును. చేతిలోని లాభము చిన్నదైనను పెద్దదిగా తోచుట మానవస్వభావము. ఒక్కొక్కనికి అసాధ్యమైన యోపికను నియమముగా ఏర్పఱచుటకే సంఘము కలదు.

పూడికతీతయందు సమీపలాభమును లేకపోలేదు. చెరువుమట్టి ఇసుకనేలలకును, ఎఱ్ఱచెల్కలకును పదును నిలుపు శక్తి నిచ్చును. అయితే బంకనేలకు అది అంతగా నుపకరింపదు. చవుడు కలదేమో మట్టిపరీక్షచే తెలిసికొనియే తోలవలెను. కట్ట మొదట మాత్రము త్రవ్వరాదు. అది కట్టకు బలహీనత.

సభ్యులారా! తొలకరికి ముందే సభ కూడి, అలుగు శుభ్రపఱచుట, తూము బాగుచేయుట, బొరియలు పూడ్చుట, మట్టి పంచుకొనుట యను నాలుగు పనులకు మనుష్యులను, దినములను నిర్ణయింపుడు. ఆయకట్టు చివరి రైతును ఆ సభలో ముందుగా మాటాడనిండు. చెరువు ఏ స్థితిలో నున్నదో అందఱికంటె ముందు అతనికే తెలియును.